క్షేమమని వ్రాయండి

2023 మే, జూన్ నెలల్లో ఆరు వారాల పాటు ఇంగ్లండులో మా చిన్నమ్మాయి దగ్గర ఉండివచ్చాను. లండనుకు ఉత్తరంగా ఉన్న ఒక పట్టణంలో అమ్మాయి అప్పుడు ఎమ్మెస్సీ చదువుతూ ఉండేది. మావారు మోకాళ్ళ నొప్పుల వల్ల రాలేకపోయారు. తిరిగివచ్చాక లండను విశేషాలు వ్రాయమని మిత్రులు కొందరు అడిగారు. లండను గురించి వ్రాయనివారెవరు? రాజుగారి మేడ ముందు నిలుచొని తీయించుకొన్న ఫోటో మా గోడ మీద కూడా ఉంది, అంతకుమించి నేను చెప్పగలిగింది లేదు. చెప్పవలసింది ఉన్నదల్లా బ్రైటన్ అనే సముద్రతీర నగరంలో గడిపిన ఒక శనివారం గురించే.

విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘం వారు అప్పుడప్పుడు ఇటువంటి ఒక్కరోజు యాత్రలు వేస్తారట. ఉదయం బస్సులో తీసికొనిపోయి ఊళ్ళో దింపుతారు, సాయంకాలం అదేచోట ఎక్కించుకొంటారు, నడుమ ఎవరి దారి వారిది. టిక్కెట్టు పాతిక పౌన్లు. పౌను నూరు రూపాయలు దాటి ఉన్న రోజులవి. మనసులో గుణించుకోవద్దని అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా, ఏళ్ళ తరబడి జీతపు లెక్కలు వేసుకొన్న బుర్ర ఊరుకొంటుందా! పిల్లల వెంట అతిథులు కూడా రావచ్చునన్నారు కనుక నాకూ ఒక సీటు దొరికింది. నలభైమందిలో సగం మన తెలుగు పిల్లలే. తెనాలి, ఖమ్మం, నల్లగొండ, అనంతపురం - బస్సులో ఒక చిన్న రాష్ట్రమే ఉంది. నేను నాలుగింటికే లేచి, ఇక్కడినుంచి మోసుకుపోయిన చింతపండుతో పులిహోర కలిపి పెద్ద డబ్బా నిండా సర్దాను. ఊరి పొలిమేర దాటకముందే వెనుక సీట్లనుంచి "ఆంటీ, వాసన ఇక్కడిదాకా వస్తోంది" అని కేకలు.

మా అమ్మాయి మాత్రం ఎక్కిన పది నిమిషాలకే నిద్రపోయింది, అద్దానికి తల ఆనించి, నోరు కొద్దిగా తెరచి. రాత్రంతా గ్రంథాలయంలో చదువుకొని ఆరున్నరకు ఇల్లు చేరింది. అక్కడి గ్రంథాలయాలు ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంటాయట. పరీక్షల కాలం కదా అనుకొన్నాను.

బ్రైటన్ ఇంగ్లండుకు దక్షిణపు అంచున ఉంది. ముందున్నది ఇంగ్లీషు ఛానెలు, అవతలి గట్టు ఫ్రాన్సు. బస్సు దిగి తీరానికి పోయి చూద్దును కదా, ఇసుక లేదు! కనుచూపు మేర గులకరాళ్ళే. కోడిగుడ్డంతవి, ఉర్లగడ్డంతవి. అల వెనక్కు పోయేటప్పుడు ఆ రాళ్ళన్నీ దొర్లి, బస్తాలోంచి కందులు ఒలకబోసినట్టు చప్పుడు. అంతర్వేదిలో పాదం కింద ఇసుక కరగిపోయే సముద్రమే నేనెరిగిన సముద్రం. ఇది వేరే గొంతుతో మాట్లాడుతోంది. చెప్పులు విప్పి నాలుగడుగులు వేసి, బుద్ధి తెచ్చుకొని మళ్ళీ తొడుక్కొన్నాను. సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన చెక్కల వారధి ఒకటి ఉంది, పియర్ అంటారు, 1899లో తెరిచారట. దాని మీదంతా తీర్థంలో వలె రంగులరాట్నాలు, మిఠాయి దుకాణాలు. పడమటి వైపు అంతకంటె పాతదైన మరో వారధి ఉండేది. 1866 నాటిది, 1975లో మూసివేశారు, 2003లో రెండుసార్లు తగలబడి ఇప్పుడు ఇనుప అస్థిపంజరం మాత్రం నీళ్ళలో నిలిచి ఉంది. పిల్లలు కొత్త వారధి మీదికి పరుగెత్తారు. నేను పాతదాన్నే చూస్తూ కూర్చున్నాను, వయసును బట్టి అభిరుచి!

మనవాళ్ళు ఆ ఊరికి కొత్తవారేమీ కారు. 1759లో పట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన ఐర్లండు మీదుగా లండను చేరి, 1810లో అక్కడ మొట్టమొదటి భారతీయ భోజనశాల పెట్టి చేతులు కాల్చుకొన్నాడు. తరువాత 1814లో బ్రైటన్ వచ్చి ఆవిరిస్నానాలశాల తెరిచాడు. ఒళ్ళు పట్టడాన్ని హిందీలో 'చాంప్' అంటారు కదా, ఆ చాంపే అక్కడ 'షాంపూ' అయింది. ఇద్దరు రాజులకు షాంపూ వైద్యుడనిపించుకొని, 1851లో ఆ ఊళ్ళోనే కన్నుమూశాడు. ఇంగ్లీషులో పుస్తకం ప్రకటించిన మొదటి భారతీయుడు కూడా ఆయనేనంటారు (1794). ఇక 1878లో పదిహేడేళ్ళ రవీంద్రనాథ ఠాకూరు బారిష్టరు చదువుకని ఇంగ్లండు వచ్చినప్పుడు మొదట దిగింది ఈ తీరంలోనే, వదినగారి ఇంట్లో. కొన్నాళ్ళు ఇక్కడి బడికి వెళ్ళాడు, తరువాత లండనులో కళాశాలలో చేరాడు, 1880లో ఏ పట్టా లేకుండానే ఇంటికి తిరిగివచ్చాడు. ఆయన అక్కడినుంచి వ్రాసిన లేఖలు బెంగాలీలో పుస్తకంగా కూడా వచ్చాయి. ఈ మాట చెబితే తెనాలి కుర్రాడు, "అయితే ఆంటీ, ఆయన కూడా డిగ్రీ లేకుండానే పోయాడా, మా నాన్నకు చెప్పాలి" అన్నాడు. నోబెల్ సంగతి కూడా చెప్పమన్నాను.

ఊరి నడుమ గుమ్మటాలూ మినార్లూ గల ఒక విచిత్రమైన భవనం ఉంది. దూరంనుంచి చూస్తే ఏ లక్నో నవాబుదో అనిపిస్తుంది. నాలుగో జార్జి యువరాజుగా ఉన్నప్పుడు విలాసం కోసం కట్టించుకొన్న రాయల్ పెవిలియన్ అది. 1815 నుంచి కొన్నేళ్ళపాటు జాన్ నాష్ అనే వాస్తుశిల్పి దానికి ఈ హిందూదేశపు వేషం వేశాడు. లోపలికి పోతే అలంకరణ అంతా చైనా పద్ధతి. చూసినవారు మెచ్చుకొంటారు. నాకు మాత్రం అన్ని నగలూ ఒక్కసారే పెట్టుకొన్న పెళ్ళికూతురిలా తోచింది. విక్టోరియా రాణికి కూడా అది నచ్చలేదు. 1850లో పట్టణం వారికి అమ్మివేసింది.

నేను అక్కడికి పోయింది ఆ వైభవం కోసం కాదు. లోపల ఒక గదిలో, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆ భవనం భారతీయ సైనికుల ఆసుపత్రిగా ఉన్నప్పటి చిత్రాలూ వివరాలూ ఉంచారు. 1914 డిసెంబరు నుంచి 1916 మొదటి వరకు, ఫ్రాన్సు కందకాలలో గాయపడిన మన సిపాయిలను ఓడల్లో తెచ్చి ఇక్కడ ఉంచేవారు. పక్కనున్న డోమ్ మొదలైన భవనాలతో కలిపి ఏడువందలకు పైగా పడకలు. సంగీతశాలలో, విందుశాలలో, బంగారు డ్రాగన్లు వేలాడే దీపగుచ్ఛాల కింద వరుసగా ఇనుప మంచాలు, మంచాల మీద తలపాగాల మనుషులు. ఆ ఛాయాచిత్రాల ముందు చాలాసేపు నిలుచున్నాను. హిందువులకూ ముసల్మానులకూ వేరువేరు మంచినీళ్ళ కొళాయిలు. కులమతాలను బట్టి తొమ్మిది వంటశాలలు. తోటలో సిక్కుల ప్రార్థనకు ఒక గుడారం. ప్రకటనలన్నీ ఉర్దూ, హిందీ, గురుముఖి లిపులలో. ఇదంతా నిజమైన మర్యాదా, లేక పటాలాల్లో అసంతృప్తి రాజుకోకుండా పడిన జాగ్రత్తా అంటే, రెండూనని నా అభిప్రాయం. 1857 నాటి తూటాల గొడవ దొరలు మరిచిపోయి ఉండరు.

తెలుగు లిపి కోసం నా కళ్ళు ఊరికే వెతికాయి. లేదు. ఫ్రాన్సుకు పోయిన పటాలాల్లో అత్యధికులు పంజాబు, గఢ్వాలు, నేపాలు వైపువారు. మనవారు ఆ యుద్ధానికి పోలేదని కాదు, తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలో అడిగితే చెబుతారు. కాని ఈ మంచాల మీద ఉన్నవారి భాషలు వేరు.

నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటుంది. చక్రవర్తి తన సొంత భవనాన్ని ఖాళీ చేసి మరీ సిపాయిలకు ఇచ్చాడని ఆనాడు ప్రచారం చేశారు. భవనాన్ని వర్ణిస్తూ ఇంగ్లీషు, గురుముఖి, ఉర్దూ భాషలలో చిన్న పుస్తకం కూడా 1915లో అచ్చువేశారు. భవనం రాజుల చేయి దాటి అప్పటికి అరవైయేళ్ళు దాటింది! అయినా సిపాయిలు ఆ మాటే ఇళ్ళకు వ్రాశారు, రాజుగారి మేడలో ఉన్నాము, స్వర్గంలా ఉంది, దిగులుపడవద్దని. ఆ ఉత్తరాలను మిలటరీ వారు తెరచి చదివి పంపేవారు. సెన్సారు వారు అనువదించి పెట్టుకొన్న భాగాలు వందలకొద్దీ లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. డేవిడ్ ఒమిస్సీ అనే చరిత్రకారుడు వాటిలో కొన్నిటిని 1999లో పుస్తకంగా వెలువరించాడు. మనకు మిగిలినవి చాలామటుకు ఆ ఇంగ్లీషు మాటలే. సిపాయి నోట వెలువడిన పంజాబీ మాట ఏమిటో, ఏ తిట్టో, ఏ ముద్దుపేరో, అది ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. అందులోనూ ఎక్కువమందికి చదువు రాదు. చెప్పించి వ్రాయించినవారే. మన పాతభాషలో వ్రాయసకాడు అంటాము చూడండి, ఆ పనివాడు ప్రతి ఉత్తరం వెనుకా ఒకడున్నాడు.

ఆ వ్రాయసకాని పని నేనూ చేశాను. కొవ్వూరులో భాషాప్రవీణ, ఆపై పండిత శిక్షణ ముగించి 1986లో కోనసీమలో ఒక పల్లెటూరి బడిలో చేరాను. అప్పటికే ఆ ఊళ్ళనుంచి ఆడవాళ్ళు ఇంటిపనికని కువైటు వెళ్ళడం మొదలయింది. సాయంకాలం బడి విడిచిన తరువాత వాళ్ళ తల్లులు ఏరోగ్రాములు పట్టుకొని వచ్చి అరుగు మీద కూర్చొనేవారు. వచ్చిన ఉత్తరం చదివిపెట్టడం, జవాబు వ్రాసిపెట్టడం. గ్రాంథికపు ప్రౌఢిమ అక్కడేమీ పనికిరాదు. "పంతులమ్మగారూ, అందరం క్షేమమని వ్రాయండి" అనేవారు ముందుగా. అప్పుడే ఇంట్లో గొడ్డు చచ్చిపోయి ఉండేది, పెనిమిటి మంచంలో ఉండేవాడు. క్షేమమని వ్రాసేదాన్ని.

అవతల కూడా చదువురాని మనిషే కనుక ఆ ఉత్తరం మరెవరో పైకి చదువుతారు. అందుచేత రహస్యాలకు మారుపేర్లు. తెల్లావు పాలివ్వడం లేదంటే అల్లుడు డబ్బంతా తాగేస్తున్నాడని అర్థం. ఆ సిపాయిల ఉత్తరాల్లో కూడా నల్ల మిరియాలంటే మన సిపాయిలు, ఎర్ర మిరియాలంటే దొర సిపాయిలు. మిరియాలు అయిపోతున్నాయని వ్రాస్తే ఊళ్ళో తెలిసినవారికి తెలుస్తుంది, ఇంకెవరినీ పటాలంలో చేరనివ్వవద్దని. సెన్సారువారికీ తెలిసిందనుకోండి, అందుకే కదా మన దాకా వచ్చింది.

ఆ తల్లులలో ఒక మామ్మ ఉండేది. ఆవిడ కూతురు కువైటులో ఒక పెద్ద ఇంట్లో పని. ప్రతి ఉత్తరంలోనూ ఒకటే మాట. ఏసీ గది ఇచ్చారు, తిండికి లోటులేదు, దొరసాని నన్ను కూతురిలా చూస్తుంది. మామ్మ రెండుసార్లు చదివించుకొని, "చేతులెలా ఉన్నాయో రాయలేదు" అనేది. అంతే. ఒకనాడు ఉండబట్టలేక, అనుమానం ఉంటే అడిగి వ్రాయిద్దాము కదా మామ్మా అన్నాను. "అడిగితే దానికి ఇంకో అబద్ధం చెప్పే పని పెట్టినదాన్నవుతాను పంతులమ్మా, ఉన్నవి మొయ్యలేక చస్తోంది" అంది. ఆ నెలలోనే ఆ ఊరినుంచి కువైటు వెళుతున్న ఎవరిచేతనో, గోరింటాకు వేసి మరిగించిన కొబ్బరినూనె సీసా పంపించింది. ఎందుకని ఉత్తరంలో వ్రాయించలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైటును ఆక్రమించాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. మామ్మ రోజూ బడి దగ్గరికి వచ్చి పత్రికలో ఏముందో చదివించుకొనేది. ఆ శరత్కాలంలో మన ప్రభుత్వం జోర్డాను రాజధాని అమ్మాను నుంచి లక్షా డెబ్భైవేల మందిని విమానాల్లో తెచ్చింది, వారిలో ఆవిడ కూతురు కూడా ఉంది. నన్ను చూడవచ్చినప్పుడు ఆ పిల్ల నమస్కారానికి చేతులు జోడిస్తే చూశాను, అరచేతులు బీటలువారిన చెరువు మాదిరి ఉన్నాయి. మామ్మ పక్కనే ఉంది. ముగ్గురం ఆ సంగతి ఎత్తలేదు.

పెవిలియన్ బయట పచ్చికలో కూర్చొని పులిహోర తిన్నాము. సముద్రపు కొంగల వంటి తెల్లపక్షులు, గల్స్ అంటారు, కళ్ళముందే ఒక కుర్రాడి చేతిలోని అప్పడం ఎగరేసుకొనిపోయాయి. అందరూ నవ్వుతున్నా మా అమ్మాయి లేవలేదు, నా ఒడిలో తలపెట్టి మళ్ళీ నిద్రపోయింది. లేపబోతే నల్లగొండ పిల్ల నా చేయి పట్టుకొంది. "లేపకుండ్రి ఆంటీ, పాపం. రాత్రి పదింటి సంది పొద్దున ఆరింటిదాక నిలబడే ఉన్నది. ఇయ్యాల మళ్ళ పోవాలె కదా." ఎక్కడికని అడగకుండా ఊరుకొన్నాను. ఆ పిల్లే చెప్పుకుపోయింది. పాలు, కూరగాయలు నిలువచేసే పెద్ద శీతల గోడౌను అట. శుక్రవారం, శనివారం రాత్రులు. చదువుకొనే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయరాదని వీసా నియమం కనుక రెండు రాత్రులే. "మీకు తెలుసనుకున్న ఆంటీ" అంది చివరకు, నా ముఖం చూసి. తెలుసునన్నాను.

ఖర్చులకు ఏదో విశ్వవిద్యాలయం వారే ఇస్తున్నారని, బ్యాంకు అప్పు ముట్టుకోనక్కరలేదని ఎనిమిది నెలలుగా మాకు ఫోనులో చెబుతోంది. "ఎలా ఉన్నావే" అంటే "సూపర్‌గా ఉన్నా అమ్మా". క్షేమం అనే మాటకు ఈ తరం వారి పర్యాయపదం అది.

ఛత్రీ చూడాలని నేను బయలుదేరేటప్పుడే చెప్పి ఉన్నాను. మధ్యాహ్నం అమ్మాయి, నల్లగొండ పిల్ల, నేను సిటీబస్సులో ప్యాచమ్ అనే శివారు దాకా పోయి, హైవే దాటి గుట్టల మీద కాలిబాట పట్టాము. గొర్రెలు మేసే పచ్చని గుట్టలు, చెట్టన్నది తక్కువ. నా నడకకు ముక్కాలుగంట పైనే పట్టింది. దారిలో అమ్మాయి నా చేయి పట్టుకొని నడిపించింది. ఆ చేతిని నేను వేళ్ళతో తడిమి చూశాను, తను గమనించలేదు. కణుపుల దగ్గర చర్మం గరుకుగా ఉంది.

ఛత్రీ అంటే మన ఛత్రమే, గొడుగు. ఎనిమిది స్తంభాల మీద తెల్లని చలువరాతి గుమ్మటం. దాని ముందు నేల మీద మూడు పెద్ద రాతిపలకలు. ఆసుపత్రులలో మరణించిన హిందూ, సిక్కు సిపాయిలు 53 మందిని ఈ గుట్ట మీదనే దహనం చేశారు. చితులు పేర్చిన చోటు మీద ఆ పలకలు పరిచారు. ముసల్మానులను వోకింగ్ మసీదు దగ్గర ఖననం చేశారు. 1921 ఫిబ్రవరి 1న అప్పటి యువరాజు ఎడ్వర్డు దీనిని ఆవిష్కరించాడు. దహనమైనవారి పేర్లు మాత్రం అక్కడ చాలాకాలం లేవు. 2010లో పక్కన ఒక గోడ కట్టి చెక్కారు. నేను ఒక్కొక్క పేరూ పైకే చదివాను. హాజరు పట్టీ పిలిచే అలవాటు పోదు. పలికేవారు లేరు గనుక గాలి చప్పుడొక్కటే. "ఆంటీ, వీళ్ళింట్ల అమ్మలకు ఎట్ల చెప్పి ఉంటరు?" అంది నల్లగొండ పిల్ల. ఇంటికి కబురు చేరే దారి కూడా ఉత్తరమే. ఆ ఉత్తరం ఊళ్ళో ఎవరో చదివిపెట్టాలి. క్షేమం అనే మాట లేని ఉత్తరం చేతికి వచ్చిన క్షణం ఎటువంటిదో నాకు తెలుసు. నేను మూడుసార్లు చదవవలసివచ్చింది, ఆ మూడూ వ్రాయను.

చితాభస్మాన్ని ఇంగ్లీషు ఛానెలులో కలిపారట. గంగకు పోవలసినది ఆ గులకరాళ్ళ సముద్రంలోకి పోయింది. మా అత్తగారి అస్థులు అంతర్వేదిలో కలిపినప్పుడు పురోహితుడు అన్ని నీళ్ళూ ఒకటేనమ్మా అన్నాడు. సాయంకాలం బస్సు వేళకు తీరానికి తిరిగివచ్చి, ఆ రాళ్ళ మీద నిలబడి చేతిలో నీళ్ళు తీసికొని మూడుసార్లు విడిచాను. మంత్రం చెప్పలేదు. ఎవరి గోత్రం చెప్పాలో తెలియదు కదా. మా అమ్మాయి ఫోటో తీయబోయి, మానుకొంది.

ఇంకా పావుగంట ఉందన్నారు. లేన్స్ అనే ఇరుకు సందుల్లో దుకాణాలున్నాయి, పిల్లలు ఐస్‌క్రీముల కోసం వెళితే నేను ఒక దుకాణంలో దూరాను. చలికాలం సరుకు మిగిలిపోయినది తగ్గింపు ధరకు పెట్టారు. వేళ్ళదాకా ఉన్నితో అల్లిన దళసరి చేతితొడుగుల జత ఒకటి తీసికొన్నాను. పన్నెండు పౌన్లు. గుణించలేదు.

ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర, అక్కడ ఆ వేళకు ఇంకా వెలుగే. తొమ్మిదింటికి అమ్మాయి మళ్ళీ సంచీ సర్దుకొంది, గ్రంథాలయానికి పోవాలని. మిగిలిన పులిహోర చిన్న డబ్బాలో పెట్టి, దాని కింద తొడుగులు ఉంచాను. గుమ్మం దగ్గర డబ్బా సరిచేయబోయి చూసుకొంది.

"ఇవెందుకమ్మా? లైబ్రరీలో హీటర్ ఉంటుంది."

"ఏమోనే, రాత్రిపూట ఆ లైబ్రరీ చల్లగా ఉంటుందన్నారు."

బూట్ల తాళ్ళు కట్టుకొంటూ చాలాసేపు వంగే ఉంది. లేచి తొడుగులు కోటు జేబులో పెట్టుకొని, "ఆరున్నరకు వచ్చేస్తానమ్మా" అంది. నేను తలుపు వేసుకొని, పొద్దున్నే వేడినీళ్ళు పెట్టాలని గడియారంలో ఆరుకు అలారం పెట్టుకొన్నాను.